ఆఖరి ఆదివారం కూర్చున్న మనిషి

సంఘ కార్యదర్శి కుర్చీ ఖాళీగా ఉంది.

ఆదివారం, ఉదయం పదకొండున్నర. కార్న్‌కీరన్ కొండ చర్చిలో ఆఖరి ఆరాధన మొదలైంది. రేపట్నుంచి తలుపుకి తాళం. బెంచీలన్నీ నిండిపోయాయి. గ్యాలరీ మెట్ల మీద కూడా జనం కూర్చున్నారు. పుల్పిట్ అనే ప్రసంగ వేదిక కింద ఉన్న ఆ కుర్చీ ఒక్కటే ఖాళీ.

అది థామస్ గాల్ట్‌ది. వయసు డెబ్భై నాలుగు. మూడు వందల ఏళ్ల సంఘ చరిత్ర ఆయనే రాశాడు. దాన్ని ఇవాళ ఇక్కడ చదవాల్సిందీ ఆయనే. గురువారం మధ్యాహ్నం భోజనం చేసి, కారు తీసుకుని బయల్దేరాడు. తర్వాత ఎవరికీ కనబడలేదు.

కారు మాత్రం నది వంతెన పక్కన దొరికింది. తాళం వేసి ఉంది.

శుక్రవారం నుంచీ గజ ఈతగాళ్లు నదిలో వెతుకుతున్నారు. ఏమీ దొరకలేదు.

డిటెక్టివ్ సార్జెంట్ రూత్ మెకిల్వేన్ గ్యాలరీ మొదటి వరసలో కూర్చుని కింది తలలను చూస్తోంది. ఈ చర్చిలోనే ఆమెకి బాప్తిస్మం ఇచ్చారు. ఏప్రిల్‌లో నాన్న శవపేటికని ఈ తలుపులోంచే బయటికి మోసుకెళ్లారు. కింద ఉన్నవాళ్లంతా తెలిసినవాళ్లే. థామస్‌కి ఏమైందో వీళ్లలో ఒకరికి తెలుసని ఆమె నమ్మకం.

పక్కన కానిస్టేబుల్ కోనర్ డెవ్లిన్. డెర్రీ నగరం వాడు, కాథలిక్. ఇలాంటి ప్రొటెస్టెంట్ చర్చిలో అడుగు పెట్టడం ఇదే మొదటిసారి.

"మేడమ్, మీవాళ్లు మధ్యలో ఆ ఖాళీ ఎందుకొదిలారు?" అన్నాడు గుసగుసగా.

"ఎడమ పక్క రోడ్డు వాళ్లు. కుడి పక్క కొండ వాళ్లు."

"ఒకే సంఘమన్నారుగా?"

"కాగితం మీద."

పాత కథే. కొండ నెత్తిన గడ్డికప్పు మందిరం ఒకటి ఉండేది. దాని కప్పు కూలిన ఏడాది, కొత్తది ఎక్కడ కట్టాలని తగవు వచ్చింది. సగం మంది కొండ మీదే అన్నారు. సగం మంది రోడ్డు పక్కనే అన్నారు. రెండు పక్షాలూ పంతానికి పోయి రెండు చర్చిలు కట్టారు, పిలిస్తే పలికేంత దూరంలో. ఒకరి మొహం ఒకరు చూడకూడదని ఎదురెదురు గోడలకి కిటికీలు కూడా పెట్టలేదు. జనం తగ్గాక పాస్టర్ని ఒక్కణ్ణే పెట్టుకున్నారు. ఒక వారం కొండ, ఒక వారం రోడ్డు. అయినా ఇన్నేళ్లలో ఎవరూ ఆ నడవ దాటి అటు కూర్చోలేదు.

ఇప్పుడు రెండు కప్పులూ కారుతున్నాయి. ఒకటి మూసి ఒకటి ఉంచుదామంటే, ఏది ఉంచాలన్నది తేలలేదు. చివరికి థామస్ లేచి, "రెండూ మూసేద్దాం. అందరం టౌన్ చర్చిలో కలుద్దాం" అన్నాడు. ఒక్క ఓటు తేడాతో నెగ్గింది. ఆ ఓటు ఆయనదే.

అప్పట్నుంచి అటువాళ్లూ ఇటువాళ్లూ ఒకే విషయంలో ఏకమయ్యారు. థామస్ గాల్ట్‌తో మాట్లాడటం మానేశారు.

పాస్టర్ పర్డీ కీర్తన నంబరు చెప్పాడు. జనమంతా ఒక్కసారి లేచారు.

ఒక్కరు లేవలేదు. కుడి పక్క, నాలుగో బెంచీ. నల్ల టోపీ.

"ఆవిడ లేవలేదేం మేడమ్?"

రూత్ అటు చూసింది. ఆగ్నెస్ వైలీ. డెబ్భై రెండేళ్లు. పెళ్లి కాలేదు. ఊరి పిల్లలంతా అత్తా అని పిలుస్తారు. కొండ కింద గొర్రెల ఫారమ్‌లో ఒక్కతే ఉంటుంది.

"మోకాళ్లు అయ్యుంటాయిలే" అంది రూత్.

ఆమె చూపు మళ్లీ ఎడమ పక్క మొదటి బెంచీ మీదికి పోయింది. అక్కడున్నాడు రాబర్ట్ గాల్ట్, థామస్ తమ్ముడు. పాట పాడటం లేదు. రెండో కీర్తన సగంలో ఉండగా రాబర్ట్ బెంచీ వదిలి, ముందున్న పక్క తలుపు తోసుకుని బయటికి పోయాడు.

*

ఆరాధన అయ్యాక వెనక హాల్లో టీ. గుడ్డు, ఉల్లిపాయ శాండ్‌విచ్‌లు. నాలుగు రకాల కేకులు. చావైనా పెళ్లైనా చర్చి మూతైనా కార్న్‌కీరన్‌లో బల్ల మీద ఇవే ఉంటాయి.

రాబర్ట్ సమాధుల దగ్గర గోడకి ఆనుకుని కనబడ్డాడు. బూట్లకి నది బురద.

"పాట మధ్యలో లేచి ఎక్కడికి వెళ్లారు రాబర్ట్ గారూ?"

"వంతెన దాకా."

"ఎందుకు?"

"మా అన్న నీళ్లలో ఉంటే నేను ఆ బెంచీ దగ్గర నిలబడి పాటలు పాడాలా అమ్మాయ్?"

"నీళ్లలోనే ఉన్నాడని మీకెలా తెలుసు?"

రాబర్ట్ ఆమెని ఎగాదిగా చూశాడు. "మీ నాన్న ఉంటే ఈ ప్రశ్న అడిగినందుకు నిన్ను చెవి పట్టుకుని ఇంటికి తీసుకెళ్లేవాడు."

"మా నాన్న లేడు. ఓటు రోజు మీరు అన్నయ్యతో ఏమన్నారు?"

రాబర్ట్ బూటు బురదని గోడకి రుద్దాడు.

"అందరూ విన్నారు రాబర్ట్ గారూ. నేను మీ నోటితో వినాలనుకుంటున్నా."

"నువ్వు చచ్చినా మా కుటుంబం గోతిలో నీకు చోటు లేదన్నాను." ఆయన రోడ్డు చర్చి వైపు చెయ్యి చూపాడు. "అమ్మ పక్కన, నాన్న పక్కన. చోటు లేదన్నాను. ఇంకేం కావాలి నీకు?"

"గురువారం మధ్యాహ్నం ఎక్కడున్నారు?"

"పొలంలో. ఒక్కణ్ణే. రాసుకో."

కోనర్ రాసుకున్నాడు.

హాల్లో ఆగ్నెస్ వైలీ పెద్ద టీ కెటిల్ రెండు చేతులా పట్టుకుని బల్ల బల్లకీ తిరుగుతోంది. రూత్ కప్పు నింపింది.

"చక్కెర మానేశావా పిల్లా? చిక్కిపోయావు."

"లేదత్తా. రెండో కీర్తనప్పుడు రాబర్ట్ బయటికి పోయాడు కదా. చేతిలో ఏమైనా ఉందా? చూశావా?"

"పోయాడా? నాకు తెలీదు."

"నీకు ఎదురుగానేగా, ఆ పక్క తలుపు."

"నాకేం కనబడలేదమ్మా. హెట్టీ స్టీల్ కోటు కనబడింది. ఆకుపచ్చది. వెనక పట్టీకి ఒక గుండీ ఊడింది. ఆవిడకి చెప్పాలి." ఆగ్నెస్ పక్క కప్పు వైపు తిరిగింది. "థామస్ ఉంటే పాట ఇంకా పూర్తయ్యేదే కాదు."

అది ఊళ్లో పాత నవ్వు. థామస్ ప్రతి చరణం అరక్షణం ఆలస్యంగా ముగించేవాడు. అందరూ కూర్చున్నాక కూడా ఆయన గొంతు వినబడేది. పక్క బల్ల దగ్గర హెట్టీ నవ్వింది. ఆగ్నెస్ కూడా నవ్వింది.

కెటిల్ ఒక్క బొట్టు కూడా తొణకలేదు.

*

సోమవారం ఉదయం తొమ్మిదింటికి గజ ఈతగాళ్లు పని ఆపేశారు. నది సముద్రంలో కలిసేదాకా చూశామన్నారు.

వంతెన మీద, కారులో, కోనర్ వాంగ్మూలాలు తిరగేస్తున్నాడు.

"రాబర్టే మేడమ్. బెదిరించాడు. ఒంటరిగా ఉన్నాడు. పాట మధ్యలో లేచిపోయాడు."

"లేచిపోవడం నేరమా?"

"అందరూ చూశారు. ఆ టీ పోసిన ముసలావిడ తప్ప. ఆవిడకి కోటు గుండీ కనబడింది. మీ చర్చిలో మనుషులు దేవుణ్ణి చూస్తారా, కోట్లు చూస్తారా?"

రూత్ నవ్వబోయి ఆగిపోయింది.

కోటు వెనక పట్టీ.

ఏప్రిల్ నెల. అదే చర్చి. పక్కన అమ్మ. అందరూ లేచి పాడుతున్నారు. తను, అమ్మ కూర్చునే ఉన్నారు. పాస్టర్ కనబడలేదు. పుల్పిట్ కనబడలేదు. ముందు నిలబడ్డవాళ్ల కోట్లు మాత్రం కనబడ్డాయి. ఒక గోధుమరంగు కోటు కుట్టు ఊడి ఉంది. మూడు కీర్తనలూ ఆ కుట్టునే చూస్తూ గడిపింది.

"కోనర్, ఆగ్నెస్ అత్త హాల్లో ఎంతసేపు నిలబడింది?"

"మనం వచ్చేసేదాకా. గంటన్నర? ఆ కెటిల్ నేనైతే ఎత్తలేను."

"మరి మోకాళ్లు?"

కోనర్ కాగితాలు పక్కన పెట్టాడు.

"మాలో ఒక ఆచారం ఉంది" అంది రూత్. "ఇంట్లో మనిషి పోతే, సమాధి చేసిన తర్వాత వచ్చే మొదటి ఆదివారం కుటుంబమంతా చర్చికి వస్తారు. కానీ పాటలకి లేవరు. అందరూ నిలబడి పాడుతుంటే వాళ్లు కూర్చునే ఉంటారు. ఎవరూ ఏమీ అడగరు. ఆ ఒక్క ఆదివారమే. తర్వాతి వారం అందరితో పాటు లేస్తారు."

"ఆవిడ ఇంట్లో ఎవరు పోయారు?"

"ఎవరూ లేరు. పోవడానికి కూడా ఎవరూ లేరు."

కోనర్ వంతెన కిందికి చూశాడు. "అయితే ఆయన చనిపోయాడని ఆవిడకి తెలుసు."

"అంతే కాదు." రూత్ కారు తలుపు తీసింది. "సమాధి చెయ్యకముందు ఎవరూ కూర్చోరు. సమాధి కూడా అయిపోయింది, కోనర్."

*

వంతెన దగ్గర్నుంచి కొండ వెనకగా ఒక సన్నని బాట ఉంది. ఊళ్లో ఏ కిటికీలోంచీ అది కనబడదు. పది నిమిషాల్లో పాత మందిరం శిథిలాల దగ్గర తేలుతుంది.

కప్పు లేదు. మిగిలింది నాలుగు గోడలు, మధ్యలో గడ్డి. చరిత్ర కోసం పునాదులు వెతుకుతూ వేసవంతా థామస్ ఇక్కడ కందకాలు తవ్వాడు, పూడ్చాడు. శుక్రవారం ఒక కానిస్టేబుల్ వచ్చి తొంగి చూశాడు. మట్టి తిరగేసి ఉంది. అది ఎప్పుడూ ఉండేదే. వెళ్లిపోయాడు.

రూత్ గోడ వెంట నడిచింది. ఒక కందకం, పూడ్చినచోట రాళ్లు తేలి ఉన్నాయి. ఇంకొకటి, దాని మీద కలుపు మొలిచింది. మూడోది ఒకప్పుడు పుల్పిట్ ఉన్న గోడ కింద.

అక్కడ రాళ్లు లేవు. ఎవరో మట్టిని చేత్తో సర్దారు. పైన పచ్చిక పలకలు పక్కపక్కన పేర్చి, అంచులు కలిసేలా నొక్కారు. అతుకుల మీద వేళ్ల గుర్తులు.

రూత్ టోపీ తీసింది. కోనర్ ఛాతీ మీద సిలువ గుర్తు వేసుకున్నాడు.

"స్టేషన్‌కి ఫోన్ చెయ్యి" అంది రూత్. "ఇప్పుడే తవ్వొద్దు. ఫోరెన్సిక్ వాళ్లు వచ్చాకే."

*

మధ్యాహ్నం మూడింటికి రూత్ కొండ చర్చి తాళం తీయించి నలుగురిని కూర్చోబెట్టింది. కోనర్ తలుపు దగ్గర నిలబడ్డాడు. పాస్టర్ పర్డీ ముందు బెంచీలో. రాబర్ట్ ఎడమ పక్క, తన చోట. హెట్టీ స్టీల్ కుడి పక్క. ఆగ్నెస్ నాలుగో బెంచీలో, నిన్న కూర్చున్న చోటే.

పైన పాత మందిరం గోడల మధ్య తెల్ల గుడారం వేశారు.

"హెట్టీ గారూ, నిన్న ఆగ్నెస్ ఎందుకు లేవలేదు?"

"మోకాళ్లు. నేనడిగానుగా. తలూపింది."

"పాస్టర్ గారూ, మీరూ గమనించారా?"

"చూశాను. చర్చి మూస్తున్నందుకు కోపమేమో అనుకున్నాను." పర్డీ కళ్లజోడు తీశాడు. "వచ్చి పలకరించి ఉండాల్సింది."

"నేనూ మోకాళ్లనే అన్నాను" అంది రూత్. "ఈవిడ కూర్చున్నది ఏప్రిల్‌లో నేను కూర్చున్న బెంచీకి రెండు బెంచీల అవతలే. అయినా అలాగే అన్నాను. ఎందుకంటే అలా కూర్చునేది కుటుంబం మాత్రమే. ఈవిడ ఎవరికీ కుటుంబం కాదని మనందరికీ తెలుసు."

ఆమె వెళ్లి నాలుగో బెంచీ చివర కూర్చుంది.

"అత్తా. ఎవరి కోసం కూర్చున్నావు?"

ఆగ్నెస్ చేతి తొడుగులు తీసి ఒడిలో పెట్టుకుంది. గోళ్లలో ఇంకా మట్టి ఉంది.

"ఎవరో ఒకరు అడుగుతారనుకున్నా" అంది. "ఆదివారమంతా టీ పోస్తూనే ఉన్నా. ఒక్కరైనా అడగకపోతారా అని. అందరూ మోకాళ్ల గురించే అడిగారు. హెట్టీ అయితే మందు పేరు కూడా చెప్పింది."

హెట్టీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఎలా జరిగింది?"

"గురువారం. ప్రతి గురువారం ఆ పాత మందిరంలోనే కలిసేవాళ్లం. ఆయన తవ్వేవాడు, నేను ఫ్లాస్కులో టీ తెచ్చేదాన్ని. ఆ రోజు పార పక్కన పెట్టి, 'కాస్త ఊపిరాడట్లేదు ఆగ్నీ' అని నా పక్కన కూర్చున్నాడు. అంతే. కప్పు ఇంకా చేతిలోనే ఉంది."

"అంబులెన్స్ పిలవలేదు."

"అప్పటికే పోయాడమ్మా. గొర్రెలు కాసినదాన్ని, నాకు తెలీదా?"

"తర్వాతైనా చెప్పొచ్చుగా. మూడు రోజులు..." రాబర్ట్ లేచాడు. "మూడు రోజులు నడుం లోతు నీళ్లలో కర్రతో పొడుస్తూ తిరిగాను. ఆయన మొహం తగులుతుందేమో అని భయపడుతూ. నువ్వు హాల్లో టీ పోస్తున్నావు."

"అవును" అంది ఆగ్నెస్. "అది తప్పే. దానికి నీకు క్షమాపణ చెప్పుకోవాలి రాబర్ట్."

"ఎందుకు చేశావు?"

"నీకు కబురు చేస్తే ఏమయ్యేది? నువ్వొచ్చేవాడివి. శనివారం సమాధి చేసేవాడివి. ఆదివారం ముందు బెంచీలో నువ్వు, నీ భార్య, నీ పిల్లలు కూర్చునేవాళ్లు. నేను ఇక్కడ, నాలుగో వరసలో, నిలబడి పాడేదాన్ని." ఆమె గొంతు పెంచలేదు. "యాభై ఏళ్లు నిలబడ్డాను రాబర్ట్. మీ అమ్మ పోయినప్పుడు నిలబడ్డాను. మా నాన్న, 'నీకు రోడ్డు వాడు కావాల్సొచ్చాడా' అని థామస్ తొడిగిన నా ఉంగరం పొయ్యిలో పడేశాడు. ఆ ఆదివారం కూడా నిలబడ్డాను. ఈయన కోసం ఒక్కసారి కూర్చుందామనుకున్నా. ఈ చర్చికి అదే ఆఖరి ఆదివారం. ఇంకోటి రాదు."

పాస్టర్ మెల్లగా అడిగాడు. "ఆగ్నెస్, మీ నాన్న పోయి ముప్ఫై ఏళ్లయింది. తర్వాతైనా ఎందుకు చేసుకోలేదు?"

"ఎక్కడ చేసుకోమంటారు? కొండ చర్చిలో చేసుకుంటే వాళ్లు రారు. రోడ్డు చర్చిలో చేసుకుంటే వీళ్లు రారు. ఆయన కార్యదర్శి. ఆయన ఎటు అడుగేసినా సంఘం మళ్లీ చీలేది. ఆగుదామన్నాడు. ఆగాం." ఆమె ఖాళీ కుర్చీ వైపు చూసింది. "ఈ రెండూ లేకపోతే కొండ, రోడ్డు అనే మాటే ఉండదన్నాడు. టౌన్ చర్చిలో ఎవరికీ పాత చోటు ఉండదు. అక్టోబర్లో అక్కడ చేసుకుందాం అన్నాడు."

రాబర్ట్‌కి అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక బెంచీ వీపు పట్టుకుని కూర్చున్నాడు.

"ఆ ఓటు..." అన్నాడు.

"నా కోసం" అంది ఆగ్నెస్. "మీరంతా ద్రోహమనుకున్నారు. చెప్పేద్దాం అన్నాను. ఇంకొన్ని వారాలేగా ఆగ్నీ అన్నాడు."

రాబర్ట్ తల దించుకున్నాడు. "చోటు లేదన్నాను. ఆయనతో నేను మాట్లాడిన ఆఖరి మాట అదే."

"తెలుసు. నాకు చెప్పి ఏడ్చాడు. అందుకే ఆ కందకంలో పెట్టాను. ఆయనే తవ్వుకున్నది. అందులో చోటుందా లేదా అని ఎవర్నీ అడగక్కర్లేదు."

బయట కొండ మీంచి ఎవరో రూత్‌ని పిలిచారు. దొరికాడు.

"అత్తా, నేను రిపోర్టు రాయాలి" అంది రూత్. "ఆయన్ని బయటికి తీస్తారు. పరీక్ష చేస్తారు. తర్వాత రక్త సంబంధీకులకి అప్పగిస్తారు. నా చేతిలో లేదు."

"నీ పని నువ్వు చెయ్యి పిల్లా." ఆగ్నెస్ తొడుగులు మళ్లీ వేసుకుంది. "చివరికి అడిగావు. చాలు."

*

గుండె ఆగిందని డాక్టర్ రాసిచ్చాడు. ఆగ్నెస్ మీద కేసు పెట్టాలా వద్దా అన్నది ప్రాసిక్యూటర్ ఇంకా తేల్చలేదు. శిథిలాల్లో సమాధికి అనుమతి లేదన్నారు. గురువారం థామస్‌ని రోడ్డు చర్చి పక్కన, గాల్టుల గోతిలో, తల్లి పక్కన పెట్టారు. రాబర్ట్ స్వయంగా మట్టి వేశాడు. ఆగ్నెస్ గేటు దాకా వచ్చింది. రాబర్ట్ పిలిచాడు. లోపలికి రాలేదు.

ఆదివారం టౌన్ చర్చి. గది వెచ్చగా ఉంచే వేడినీళ్ల గొట్టాలు, మెత్తటి కుర్చీలు, తెల్లగోడలు. కార్న్‌కీరన్ వాళ్లు ఎక్కడ కూర్చోవాలో తెలీక గుంపుగా నిలబడి, దొరికిన చోట కూర్చున్నారు. కొండ వాళ్ల పక్కన రోడ్డు వాళ్లు. ఎవరూ గమనించినట్టు లేదు.

ముందు వరసలో రాబర్ట్, అతని భార్య. వాళ్ల పక్కన ఒక కుర్చీ ఖాళీగా ఉంచారు. దాని మీద రాబర్ట్ టోపీ పెట్టాడు, ఇంకెవరూ కూర్చోకుండా.

కీర్తన నంబరు చెప్పారు. రాబర్ట్ వెనక్కి తిరిగాడు. ఆగ్నెస్‌ని చూశాడు. ఖాళీ కుర్చీ మీది టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"వెళ్లత్తా" అంది రూత్ పక్కనుంచి. "నీ కోసమే."

ఆగ్నెస్ తల అడ్డంగా ఊపింది. "అది ఒక్కసారే కదమ్మా. నా ఆదివారం అయిపోయింది."

అందరితో పాటు లేచి నిలబడింది. ముందు కుర్చీ వీపుని రెండు చేతులా పట్టుకుంది. రాబర్ట్ ముందుకి తిరిగి అలాగే కూర్చున్నాడు, పక్కన ఖాళీతో.

పాడారు. రెండు చర్చిల గొంతులూ ఒకే పాటలో కలిశాయి. ఆఖరి చరణం ముగిసింది. పుస్తకాలు మూసుకున్నాయి, అందరూ కూర్చున్నారు.

ఆగ్నెస్ కూర్చోలేదు. అంత పెద్ద హాల్లో ఒక్కతే, నల్ల టోపీతో, ఇంకా నిలబడే ఉంది.

అరక్షణం. థామస్ ముగించేదాకా.

అప్పుడు కూర్చుంది.